డోర్నకల్ బిషప్ అజరయ్య: వినయం బలహీనత కాదని చాటిన జీవితం

1912 డిసెంబర్ 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కేథడ్రల్‌లో వేదనాయగం శామ్యూల్ అజరయ్య బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవిని అందుకున్న తొలి భారతీయుడు ఆయనే. అప్పటికి ఆయన వయసు 38 సంవత్సరాలు. పుట్టింది తమిళనాట, బిషప్‌గా సేవ చేసింది తెలుగునాట. నిజాం రాజ్యంలోని డోర్నకల్ అనే చిన్న రైల్వే జంక్షన్‌ను కేంద్రంగా చేసుకొని, మరణించేవరకు 32 ఏళ్లపాటు ఆయన తెలుగు పల్లెల మధ్య తిరిగారు.

పెద్దల ముందు మౌనంగా ఉండడమే వినయమని, తనను తాను తక్కువ చేసుకోవడమే దీనత్వమని చాలామంది భావిస్తారు. అజరయ్య జీవితంలో వినయం రెండు దిశలలో పనిచేసింది. అధికారం ఉన్నవారి అహంకారాన్ని ఆయన వారి ఎదుటనే, మర్యాద తప్పకుండా, స్పష్టంగా ఎత్తిచూపారు. ఆ తరువాత అధికారం తన చేతికి వచ్చినప్పుడు, అదే అహంకారం తనలో చోటు చేసుకోకుండా కడవరకు జాగ్రత్త పడ్డారు. మొదటి పనికి ధైర్యం చాలు. రెండవదానికి నిత్య సాధన అవసరం.

మధ్య అండమాన్‌లోని రంగత్ వంటి పట్టణాల వారికి ఈ జీవితం మరింత దగ్గరగా తోస్తుంది. స్వాతంత్ర్యం తరువాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థులు, తమిళులు, మలయాళీలు, ఛోటానాగపూర్ నుంచి వచ్చిన శ్రామికులు, శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలస వెళ్లిన తెలుగువారు కలిసి జీవిస్తున్న ద్వీపసీమ అది. అనేక భాషలవారు ఒకచోట చేరినప్పుడు ఎవరి భాషలో ప్రార్థన జరగాలి, ఎవరు ముందు వరుసలో కూర్చోవాలి, ఎవరు ఎవరితో కలిసి భోజనం చేయాలి అనే ప్రశ్నలు తప్పవు. నూరేళ్ల కిందట డోర్నకల్‌లో అజరయ్య ఎదుర్కొన్న ప్రశ్నలు కూడా ఇవే.

పాదరి ఇంట పుట్టిన బిడ్డ

అజరయ్య 1874 ఆగస్టు 17న నాటి తిరునల్వేలి జిల్లాలోని వెళ్ళాళన్‌విళై గ్రామంలో జన్మించారు. తండ్రి థామస్ వేదనాయగం ఆ ఊరి సంఘానికి పాదరి. తల్లి ఎలెన్. మగబిడ్డ కోసం ఆమె ఏళ్ల తరబడి ప్రార్థించారు. బైబిల్‌లో హన్నా తన మొక్కుబడి బిడ్డకు సమూయేలు అని పేరు పెట్టినట్లే, ఆమె కూడా కుమారునికి ఆ పేరే పెట్టారు. తండ్రి చిన్నతనంలోనే కన్నుమూయడంతో బాలుడు తల్లి క్రమశిక్షణలో పెరిగాడు.

ఆ కుటుంబం నాడార్ సామాజిక వర్గానికి చెందినది. పంతొమ్మిదవ శతాబ్దంలో ఆ వర్గం దక్షిణాదిన అనేక అవమానాలను భరించింది. ఆలయ ప్రవేశం నిషేధం. తిరువాన్కూరులో స్త్రీలు పైవస్త్రం ధరించే హక్కు కోసం దీర్ఘకాలం పోరాడవలసి వచ్చింది. విద్య, వ్యాపారం, క్రైస్తవ సంఘం అనే మూడు మార్గాలలో ఆ వర్గం వేగంగా పైకి వచ్చింది. పైకి వచ్చినవారిని పొంచి చూసే ప్రమాదం ఒకటుంది: నిన్న తమను చిన్నచూపు చూసినవారినే ఆదర్శంగా తీసుకొని, తమకంటే కిందివారిని అదే చూపు చూడడం. అజరయ్యకు పుట్టుకతోనే ఎదురైన పరీక్ష ఇదే.

మెజ్ఞానపురం, తిరునల్వేలి పాఠశాలల తరువాత ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు. అనారోగ్యం కారణంగా చివరి పరీక్ష రాయలేకపోయారు. పట్టా లేకుండానే చదువు ముగిసింది. అదే మనిషికి 1920లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది.

1895లో ఆయన వైఎంసీఏలో కార్యదర్శిగా చేరారు. దక్షిణ భారతమంతటా పర్యటించారు. ఈ కాలంలోనే అమెరికా నుంచి వచ్చిన షేర్వుడ్ ఎడ్డీతో ఆయనకు గాఢమైన స్నేహం కుదిరింది. ఇద్దరూ కలిసి ప్రయాణించారు, కలిసి ప్రార్థించారు, ఒకే బల్ల వద్ద భోజనం చేశారు. తెల్లవారికీ భారతీయులకూ మధ్య సమానుల స్నేహం సాధ్యమేనని అజరయ్యకు అనుభవపూర్వకంగా తెలిసింది ఇక్కడే. 1898లో ఆయన అన్బు మరియమ్మాళ్‌ను వివాహమాడారు. ఆ కాలపు స్త్రీలకు అరుదైన కళాశాల విద్య ఆమెకు లభించింది. తరువాతి కాలంలో డోర్నకల్ ప్రాంతపు మహిళల మధ్య జరిగిన సేవకు ఆమే నాయకత్వం వహించారు.

సొంత చేతులు, సొంత ధనం

1902లో అజరయ్య జాఫ్నా వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత ఖర్చుతో సువార్తికులను దూర ప్రాంతాలకు పంపడం చూసి ఆలోచనలో పడ్డారు. తిరునల్వేలి సంఘానికి అప్పటికే వందేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. అయినా విదేశీ మిషనరీల నుంచి అందుకోవడమే తప్ప, తానుగా మరొకరికి ఇచ్చే అలవాటు దానికి లేదు. ఎప్పుడూ చేయి చాచి నిలబడడం దీనత్వం అనిపించుకోదని, అది బాధ్యత నుంచి తప్పుకోవడమేనని ఆయన గ్రహించారు. 1903 ఫిబ్రవరిలో ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. మనుషులు, ధనం, నిర్వహణ అన్నీ భారతీయులవే. 1905 డిసెంబర్ 25న శ్రీరాంపూర్‌లో దేశవ్యాప్త సంస్థగా నేషనల్ మిషనరీ సొసైటీ ప్రారంభమైంది. దాని స్థాపకులలో కూడా అజరయ్య ముఖ్యులు.

తిరునల్వేలి సొసైటీ తన సేవకు ఎంచుకున్న ప్రాంతం నిజాం రాజ్యంలోని డోర్నకల్ పరిసరాలు. అక్కడి భాష తెలుగు. అక్కడికి ఇతరులను పంపిస్తూ తాను మద్రాసులో కార్యదర్శిగా కూర్చోవడం అజరయ్యకు సమంజసంగా తోచలేదు. 1909లో వైఎంసీఏ ఉద్యోగాన్ని వదులుకొని, గురువుగా అభిషేకం పొంది, కుటుంబంతో సహా డోర్నకల్ చేరారు. సింగరేణి బొగ్గు గనుల వైపు రైలు మార్గం చీలే ఆ ఊరి చుట్టూ అడవి ఉండేది. మొదట్లో గుడారమే నివాసం. పేరున్న వక్త, 35 ఏళ్ల వయసులో, బడిపిల్లవాని వలె కొత్త భాష అక్షరాలు దిద్దుకున్నారు. తప్పుగా పలికిన మాటలకు పల్లెవాసులు నవ్వినా నేర్చుకోక తప్పని స్థితి అది. పరభాషలో బతకడం ఎంతటివారికైనా వినయం నేర్పే విద్య.

ఎడిన్‌బరోలో వినిపించిన నిజం

1910 జూన్‌లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సుమారు 1200 మంది ప్రతినిధులు హాజరయ్యారు. వారిలో ఆసియా దేశాల వారు ఇరవై మందికి మించరు. ఆ కొద్దిమందిలో అజరయ్య ఒకరు. విదేశీ, స్వదేశీ సేవకుల మధ్య సహకారం అనే అంశంపై ప్రసంగించవలసిందిగా ఆయనను కోరారు.

ఆతిథ్యం ఇచ్చిన వారిని మెప్పించే నాలుగు మాటలు చెప్పి దిగిపోవడం సులభం. ఆయన అలా చేయలేదు. భారతదేశంలోని మిషనరీలకూ భారతీయ సేవకులకూ మధ్య ఉన్న సంబంధం యజమానికీ జీతగానికీ మధ్య ఉన్నట్లుగా ఉందని చెప్పారు. ఏళ్ల తరబడి ఒకే సంఘంలో పనిచేసినా భారతీయుడిని ఇంటికి పిలిచి భోజనం పెట్టని మిషనరీలు ఉన్నారని, ఆధ్యాత్మిక సోదరత్వం గురించి బోధించేవారు చేయి కలపడానికి సంకోచిస్తున్నారని వివరించారు. మిషనరీల త్యాగాన్ని ఆయన తక్కువ చేయలేదు. వారు ధనాన్ని, ఆరోగ్యాన్ని, కొందరైతే ప్రాణాలను కూడా అర్పించారని కృతజ్ఞతతో అంగీకరించారు. అన్నిటికంటే ముందు ఇవ్వవలసిన స్నేహం మాత్రం ఇంకా ఇవ్వలేదని చెప్పి ప్రసంగం ముగించారు.

సభలో కొందరు ఆగ్రహించారు. కొందరు సిగ్గుపడ్డారు. ఆ ప్రసంగం మిషన్ల చరిత్రలో ఒక మలుపుగా నిలిచిపోయింది. అందులో గమనించవలసిన విశేషం ఒకటుంది. తనకు జరిగిన అవమానాల పట్టికను ఆయన సభ ముందు పెట్టలేదు. పగ తీర్చుకునే ధోరణి లేదు. దానం చేస్తూ కూడా మనిషి పైమెట్టు దిగకుండా ఉండగలడని, ఆ గర్వం దాత కంటికి కనిపించదని ఆయన చూపించారు. యోహాను సువార్త 13వ అధ్యాయంలో యేసు శిష్యుల పాదాలు కడిగిన ఘట్టం క్రైస్తవులందరికీ తెలిసినదే. పాదాలు కడగాలంటే ముందుగా వంగాలి. ఎడిన్‌బరోలో అజరయ్య కోరిన స్నేహానికి అర్థం కూడా అంతే.

పదవి వచ్చిన తరువాత

రెండున్నరేళ్లకు ఆయనే బిషప్ అయ్యారు. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ ఈ నియామకానికి గట్టిగా నిలబడ్డారు. వ్యతిరేకత కూడా తీవ్రంగానే వచ్చింది. భారతీయుని కింద పనిచేయడం ఎలా అని కొందరు యూరోపియన్ మిషనరీలు ప్రశ్నించారు. కులం దృష్టితో అభ్యంతరం తెలిపిన భారతీయ క్రైస్తవులూ ఉన్నారు. మొదట ఆయనకు అప్పగించిన అధ్యక్ష ఖండం చాలా చిన్నది. కృష్ణా, గోదావరి ప్రాంతాలలో యూరోపియన్ మిషనరీలు పనిచేస్తున్న పెద్ద సంఘాలు ఆయన పరిధిలోకి తరువాతి సంవత్సరాలలో గాని రాలేదు. చివరకు ఆయనను అనుమానించిన వర్గానికి చెందినవారే ఆయన ఆధ్వర్యంలో పనిచేశారు. ఎడిన్‌బరోలో తాను ఏ గర్వాన్ని విమర్శించారో, దానిని తిరగేసి వారిపై ప్రయోగించే అవకాశం ఆయనకు అప్పుడు దొరికింది. ఆ అవకాశాన్ని ఆయన వాడుకోలేదు. యూరోపియన్ సహచరులతో స్నేహాన్ని తన వైపు నుంచి నిలబెట్టుకున్నారు.

అసలైన పరీక్ష పల్లెలలో ఎదురైంది. డోర్నకల్ సంఘాలలో అత్యధికులు మాల, మాదిగ వర్గాలవారు. వెట్టి, అప్పు, ఆకలి, అంటరానితనం వారి నిత్యజీవితం. పైగా ఈ రెండు వర్గాల మధ్య కూడా ఎడం ఉండేది. ఒకరి బావి మరొకరు ముట్టరు. ఒకరి ఇంట మరొకరు తినరు. క్రైస్తవులైన తరువాత కూడా ఈ ఎడం వెంటనే చెరిగిపోలేదు. ప్రభు రాత్రి భోజనంలో అందరూ ఒకే పాత్ర నుంచి పానం చేయడం ఆంగ్లికన్ ఆచారం. ఆ ఆచారం అక్కడ వట్టి కర్మకాండగా మిగలలేదు. తరతరాల గర్వాన్ని, భయాన్ని పక్కన పెట్టవలసిన క్షణంగా మారింది. కులాన్ని వెంటబెట్టుకొని దేవుని బల్ల వద్దకు రావడం కుదరదన్నది అజరయ్య బోధనలోని మూలసూత్రం.

రైలు వెళ్లినంత దూరం రైలులో, తరువాత ఎద్దుబండిపై, సైకిల్‌పై, అవసరమైతే కాలినడకన ఆయన ఊరూరా తిరిగారు. చెట్టు కింద కూర్చొని సంఘస్థులతో మాట్లాడేవారు. అపరిశుభ్రత, వ్యాధి, అప్పు, మద్యం అనే నాలుగు శత్రువులను ఎదిరించడం కూడా సువార్తలో భాగమేనని వారికి నేర్పేవారు. బాప్తిస్మం పొందిన ప్రతి వ్యక్తీ, చదువు రానివారైనా సరే, తన పొరుగువారికి సాక్షిగా నిలవాలని ఆయన పట్టుబట్టేవారు. పేద తల్లులు వంట చేసేముందు పిడికెడు బియ్యం విడిగా తీసిపెట్టి సంఘానికి ఇచ్చే పద్ధతిని ప్రోత్సహించారు. క్రైస్తవ దానాన్ని గురించి ఒక పుస్తకం కూడా రాశారు. పేదవాని దగ్గర తీసుకోవడం దయలేనితనం కాదా అన్న సందేహానికి ఆయన ఆచరణే సమాధానం. ఎప్పుడూ పుచ్చుకునేవాడిగానే ఉంచడం మనిషిని తక్కువ చేయడమే. ఇవ్వగల స్థితిని గుర్తించడం అతనిని గౌరవించడం.

ఆ పల్లెల నుంచే ఉపదేశకులు, గురువులు తయారయ్యారు. డోర్నకల్‌లో వారికి శిక్షణ ఇచ్చారు. గురువు కాదలచినవాడు భార్యతో సహా వచ్చి చదువుకొనేవాడు. ఊరి చివర గుడిసెలో పుట్టినవాడు బైబిల్ చేతపట్టి పదుగురి ముందు నిలబడడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. అజరయ్య మరణించేనాటికి ఆ అధ్యక్ష ఖండంలో క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది.

రాతిలో కనిపించే వినయం

డోర్నకల్‌లోని ఎపిఫనీ కేథడ్రల్ ఆయన ఆలోచనకు ప్రత్యక్ష రూపం. పథకం వేసినప్పటి నుంచి పూర్తి కావడానికి పాతికేళ్లు పట్టింది. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. ఇంగ్లండులోని చర్చిని తెచ్చి తెలంగాణ నేలపై నిలబెట్టడం ఆయనకు ఇష్టం లేదు. దక్షిణాది ఆలయ మంటపాలను తలపించే స్తంభాలు, ముస్లిం కట్టడాలను గుర్తుచేసే గుమ్మటాలు, క్రైస్తవ చిహ్నాలు అందులో కలిసిపోయాయి. చుట్టుపక్కల ప్రజల సంస్కృతి నుంచి నేర్చుకోవలసినది ఉందని అంగీకరించిన కట్టడం అది. ఆరాధనలోనూ తెలుగు కీర్తనలకు, ఊరేగింపులకు, పంటల పండుగలకు ఆయన చోటు కల్పించారు.

సంఘాల మధ్య చీలికలు కూడా గర్వం నుంచే పుడతాయని ఆయన నమ్మారు. 1919 మే నెలలో తరంగంబాడిలో 33 మంది సంఘ నాయకులు సమావేశమయ్యారు. ఇద్దరు తప్ప మిగిలినవారందరూ భారతీయులే. పాశ్చాత్య దేశాల పాత తగాదాల వల్ల ఏర్పడిన విభజనలను భారతీయులు మోయవలసిన అవసరం లేదని ఆ సభ ప్రకటించింది. ఆ ప్రయత్నానికి అజరయ్య ముఖ్య ప్రేరకులు. 1927లో లొసాన్‌లో, 1938లో తాంబరంలో జరిగిన అంతర్జాతీయ సభలలో కూడా ఆయన ఐక్యత కోసమే వాదించారు. ఐక్యత కావాలంటే ప్రతి సంఘమూ తనదే గొప్ప అనే భావాన్ని వదులుకోవాలి. బిషప్ పదవిలో ఉన్నవారికి ఈ మాట చెప్పడం తేలిక, తమకు అన్వయించుకోవడం కష్టం.

విమర్శలు, పరిమితులు

అజరయ్యను విమర్శకు అతీతునిగా చూడడం న్యాయం కాదు. క్రమశిక్షణ విషయంలో ఆయన కఠినులు. సంఘ నియమాలు మీరినవారి పట్ల తండ్రి వలె, ఒక్కొక్కసారి అధికారి వలె వ్యవహరించారు. బ్రిటిష్ పాలనతో ముడిపడిన సంఘానికి అధిపతి కావడం వల్ల జాతీయవాదులలో కొందరు ఆయనను అనుమానంగా చూశారు. మతమార్పిడి విషయంలో గాంధీజీకీ ఆయనకూ 1930లలో స్పష్టమైన భేదాభిప్రాయం ఉండేది. అణగారిన ప్రజలు తమ విశ్వాసాన్ని తామే ఎంచుకోగలరని, ఆ నిర్ణయాన్ని వారి అమాయకత్వంగా కొట్టివేయడం సరికాదని అజరయ్య భావించారు. మిషన్ల కార్యక్రమం పేదల నిస్సహాయతను వాడుకుంటోందని గాంధీజీ అభిప్రాయపడ్డారు. ఆ చర్చ నేటికీ ముగియలేదు.

అయితే క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇవ్వజూపినప్పుడు అజరయ్య వాటిని వ్యతిరేకించారు. తన సమాజానికి రాజకీయ లాభం తెచ్చిపెట్టే ఏర్పాటు అది. అలాంటి రక్షణ గోడలు క్రైస్తవులను తోటి భారతీయుల నుంచి వేరుచేసి, సంఘాన్ని ఒక స్వార్థ వర్గంగా మారుస్తాయని ఆయన భయపడ్డారు. వ్యక్తికి వినయం అవసరమైనట్లే సమాజానికి కూడా అవసరమని చెప్పిన వైఖరి ఇది.

తరువాతి తరాలకు

1945 జనవరి 1న డోర్నకల్‌లో అజరయ్య కన్నుమూశారు. కేథడ్రల్ ప్రాంగణంలోనే ఆయన సమాధి ఉంది. ఆయన కలగన్న ఐక్యత 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఆవిర్భావంతో నెరవేరింది. దానిని చూడడానికి ఆయన లేరు.

ఆయన తెరిచిన దారిలో మరికొందరు నడిచారు. కార్ నికోబార్ ద్వీపంలో పుట్టిన జాన్ రిచర్డ్‌సన్ 1950లో బిషప్ అయ్యారు. తొలి లోక్‌సభలో అండమాన్ నికోబార్ దీవులకు ప్రాతినిధ్యం వహించారు. ద్వీపవాసుల మధ్య పుట్టినవాడే ద్వీపవాసులకు కాపరి కావడం, 1912కు ముందు చాలామందికి ఊహకందని విషయం.

నేడు రంగత్‌లోనైనా, డోర్నకల్‌లోనైనా, హైదరాబాద్‌లోనైనా ఒక సంఘంలో వినయం ఉందో లేదో తెలుసుకోవడానికి ప్రసంగాలు వినవలసిన పనిలేదు. కొత్తగా వచ్చిన పరభాషవారికి కుర్చీ ఎక్కడ వేశారో, విందులో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో, పెద్దల తప్పును చిన్నవారు చెప్పినప్పుడు వారికి ఏమి జవాబు వచ్చిందో చూస్తే చాలు. ఎడిన్‌బరో సభలో అజరయ్య పెట్టిన కొలమానం ఇదే. బిషప్‌గా డోర్నకల్‌లో గడిపిన 32 ఏళ్లలో ఆయన ఆ కొలమానంతో ముందుగా తనను తానే కొలుచుకున్నారు.